మీగడ పొర

మెటలర్జీ అంటే వాతావరణం చదువనుకుని
"వాయుగుండం ఎటు తిరిగిందమ్మా?" అంటుంది
మెస్సు నడిపే సుభాషిణి గారు.
మొదట్లో సర్దిచెప్పేదాన్ని.
ఇప్పుడు "బందరు వైపు" అనేసి
పెరుగు వేయించుకుంటాను.

ర్యాంకు జారితే దొరికిన సీటు.
క్లాసులో పందొమ్మిదిమందిమి.
పక్క బ్లాకులో వాళ్లు ఏసీలో కోడ్ రాస్తుంటే
మేం ఇనుము అరగదీస్తుంటాం.

రెండొందల ఇరవై, నాలుగొందలు, ఆరొందలు, వెయ్యి.
గరుకు కాగితం మారినప్పుడల్లా
ముక్కని అడ్డంగా తిప్పాలి,
పాత గీతలు పోయేదాకా కొత్తవి గీస్తూ ఉండాలి.
చూపుడువేలి గోరు సగం అరిగింది.
చివరికి ఇనుములో నా ముక్కుపుడక కనబడింది.
"నిన్ను నువ్వు చూసుకోడానికా ఇంత కష్టం?
ఆసిడ్ పెట్టు, అప్పుడు అది కనబడుతుంది"
అన్నారు లింగమూర్తి సారు.

ఆ ముక్క ఆటోనగర్‌ది.
టైర్ల కొట్లు దాటి, రేడియేటర్ల సందు దాటి
మస్తాన్ వలీ కమాన్ల షెడ్డు.
కంకర లారీ కింద విరిగిన పట్టా
విరిగిన మొహం నాకు చూపించాడు.
ఇసుక మీద నీళ్లు వెనక్కి తీసినట్టు
వంపు వెనక వంపు, సన్నటి గీతలు.
"నిన్న రాత్రి ఇబ్రహీంపట్నం దగ్గర విరిగిందంటాడు డ్రైవరు.
ఎన్నాళ్ల నుంచో విరుగుతానే ఉందమ్మా,
నిన్న వినబడింది, అంతే."
మా పుస్తకంలో ఈ మాటకి
ముప్పై పేజీలున్నాయి.

మైక్రోస్కోపు కింద
లోపలంతా ముదురుగా, సూదులు సూదులుగా, బాగానే ఉంది.
అంచుకి జరిపాను.
తెల్లగా, మెత్తగా,
కాగిన పాల మీద మీగడలా ఒక పొర.
నిప్పులో ఎక్కువసేపు ఉంటే
పైచర్మం లోంచి కార్బన్ వెళ్లిపోతుంది.
పగులు అక్కడే మొదలైంది.
ఆ పట్టాని కాల్చింది ఎవరో నాకు తెలుసు.

ఫోటో ఫోన్‌లో పెట్టుకుని
రెండు రోజులు బెంజ్ సర్కిల్ దగ్గర దిగలేదు.

మూడో రోజు చూపించాను.
చేతులు తుడుచుకుని, అద్దాలు నుదుటి మీదకి తోసి
చాలాసేపు చూశాడు.
"ఎవరి పని ఇది?"
నేను మాట్లాడలేదు.
"నాదే గదా" అన్నాడు.
కుర్రాణ్ణి టీకి పంపి, మళ్లీ పిలిచి
వద్దులే అన్నాడు.

"మరి ఎంతసేపు ఉంచాలంట?"
మందం ఇంత ఉంటే నిమిషాలు ఇన్ని అని
నోటికొచ్చింది గడగడా అప్పజెప్పాను.
"ఏ నిప్పులో?
నీ పుస్తకంలో నా బొగ్గు ఉందా?
నా ఫ్యాను గాలి ఉందా? మధ్యలో కరెంటు పోతే?"
లేదు.
కొలిమి దగ్గర వెలుతురు రాకుండా కట్టిన గోనెపట్టా
పైకెత్తి నన్ను లోపలికి రమ్మన్నాడు.
ఎండలో రంగు అబద్ధం చెబుతుందట.
"పండుమిరప దాటాలి,
కమలాతొన కాకూడదు.
మా నాయన చెప్పింది ఇంతే,
ఎంతసేపో ఆయన చెప్పలా."

నేను ఫోన్‌లో సెకన్లు చూస్తున్నాను,
అతను పట్టా మొహం చూస్తున్నాడు.
"ఇంక తియ్యండి" అన్నాను.
"ఆగు."
"ఎక్కువవుతోంది."
"రంగు రాలేదు, ఆగమంటున్నా గదా!"
పదకొండు సెకన్ల తేడా.
ఎవరిది తప్పో అప్పటికి మా ఇద్దరికీ తెలీదు.
నూనెలో దించాడు.
గోనెపట్టా లోపల ఊపిరాడనంత పొగ.

దాంతోపాటే కాల్చిన చిన్న ముక్కొకటి
పేపర్లో చుట్టి ఇచ్చాడు.
కానూరు బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను,
ఇంకా వెచ్చగా ఉంది.
పక్కసీటావిడ నా జుట్టు వాసనకి
కిటికీ వైపు తిరిగింది.
రేపు పొద్దున ల్యాబు తెరవగానే
మళ్లీ రెండొందల ఇరవై నుంచి.